వ్యక్తిగత వినియోగం

మామగారి ఫోను మొరాయించిన ప్రతిసారీ చిన్నల్లుడికే కబురు వెళ్ళేది. పెద్దల్లుడికి ఒళ్ళు మండేది అక్కడే.

ఎందుకంటే కంప్యూటర్ల మనిషి పెద్దల్లుడు. అట్టపెట్టెలు తయారుచేసే కంపెనీలో మూడంతస్తుల్లో ఉన్న కంప్యూటర్లూ, గోడల వెంట పాకే వైర్లూ, ఎవరికి ఏ సైటు తెరుచుకోవాలి, ఎవరికి తెరుచుకోకూడదు అన్న తీర్పులూ అతని చేతిలోనే ఉండేవి. ఆఫీసులో అందరూ ఎదురుగా ‘సిస్టమ్స్ గారూ’ అనీ, వెనకాల ‘తాళంగారు’ అనీ పిలిచేవాళ్ళు. అలాంటివాడు అత్తగారింటి భోజనాల బల్ల దగ్గర పక్క కుర్చీలోనే కూర్చుని ఉండగా, ఫోనులో అక్షరాలు చిన్నవైపోయాయని మామగారు బల్ల అవతలి చివరకి చెయ్యి చాచి ఫోను అందిస్తున్నారు.

“ఇలా ఇవ్వండి మామగారూ, నేను చూస్తాను.”

“నీకెందుకులే బాబూ శ్రమ. అసలే తీరిక లేనివాడివి. చిన్నవాడు చూస్తాడులే.”

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే బాగుండేది, కనీసం కోపం తెచ్చుకోవడానికి ఒక కారణం దొరికేది. ఎప్పుడో ఒకసారి ఆయన పాస్‌వర్డు మరిచిపోతే, “ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు” అని తను విసుక్కున్న మాట నిజమే. ఒక్కసారి విసుక్కున్నందుకు ఇంత శిక్షా అనుకున్నాడు పెద్దల్లుడు, గ్లాసులో నీళ్ళు తాగుతూ.

చిన్నల్లుడు ఫోను పుచ్చుకుని, అక్షరాలు పెద్దవి చేసి, “ఇప్పుడు చూడండి మామయ్యా, పక్కింటివాళ్ళు కూడా చదివేయచ్చు” అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దల్లుడి భార్య కూడా నవ్వింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. తన కూతురు అప్పటికే బాబాయి ఒడిలోకి చేరిపోయింది. మంచినీళ్ళు కావాలంటే అమ్మని కాదు, బాబాయినే అడుగుతోంది.

అసలు వీడికి ఉద్యోగం ఇప్పించింది ఎవరు? పెళ్ళయిన కొత్తలో పనిలేక గోళ్ళు గిల్లుకుంటూ ఉంటే, మేనేజరు దగ్గరికి తనే వెళ్ళి, “మంచి డిజైనరండీ, నాకు తెలిసినవాడు” అని చెప్పాడు. తోడల్లుడని మాత్రం చెప్పలేదు. అప్పుడు ఒక వారం పాటు అత్తగారింట్లో తనని నెత్తిన పెట్టుకున్నారు. తర్వాత ఆ నెత్తి మీదికి చిన్నల్లుడు ఎక్కాడు, దిగనే లేదు.

*

ఆ వారమే ఆఫీసులో ఇంటర్నెట్ నత్తనడక పట్టింది. మధ్యాహ్నమయ్యేసరికి అకౌంట్స్ వాళ్ళు, డిస్పాచ్ వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోను చేయడం మొదలుపెట్టారు. ఎవరో బయటికి భారీ ఫైళ్ళు పంపుతున్నారని పెద్దల్లుడికి అర్థమైంది. తన గదిలో కూర్చుని, ఏ కంప్యూటర్ నుంచి ఎంత బరువు వెళుతోందో చూశాడు. రెండో అంతస్తు, డిజైన్ విభాగం, కిటికీ పక్క సీటు.

చిన్నల్లుడి సీటు.

ఏదో తియ్యటి పదార్థం నోట్లో కరిగినట్టయింది పెద్దల్లుడికి. ఆ సంతోషానికి వెంటనే సిగ్గుపడ్డాడు కూడా. అయినా తెర మీది నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాడు. ఆ సీటు నుంచి రోజూ మధ్యాహ్నం ఫైళ్ళు దాచుకునే ఒక బయటి సైటుకి పెద్ద పెద్ద వీడియోలు వెళుతున్నాయి. ఎక్కడికి వెళ్ళాయో, ఎంత వెళ్ళాయో కనిపిస్తుంది గానీ వాటిలో ఏముందో కనిపించదు. ఏముందో ఊహించుకోవడానికి మాత్రం పెద్దల్లుడికి అట్టే సేపు పట్టలేదు. కంపెనీ డిజైన్లు బయటివాళ్ళకి అమ్ముతున్నాడు. లేదా ఆఫీసు కంప్యూటర్ మీద బయటి పనులు చేసిపెట్టి సంపాదించుకుంటున్నాడు. కొత్త చొక్కాలు ఊరికే వస్తాయా మరి?

ఏ ఉద్యోగీ సొంత ఫైళ్ళు ఆఫీసు కంప్యూటర్‌లో ఉంచుకోకూడదనీ, అనుమతి లేకుండా బయటికి ఏదీ పంపకూడదనీ కంపెనీ నియమం. ‘వ్యక్తిగత వినియోగం’ అనే శీర్షిక కింద ఉన్న ఆ నియమాన్ని రాసింది పెద్దల్లుడే. అకౌంట్స్‌లో ఎవరో సినిమా కోసం వెతికి వైరస్ తెచ్చిపెట్టిన ఏడాది, మేనేజరు అడిగితే రాసిచ్చాడు. అందరూ చదవకుండానే సంతకాలు పెట్టారు. చిన్నల్లుడైతే సంతకం పక్కన చిన్న తాళంకప్ప బొమ్మ గీశాడు. దాన్ని చూసి హెచ్ఆర్ మేడమ్ ఎంత నవ్విందో పెద్దల్లుడు ఇప్పటికీ మరిచిపోలేదు.

మెట్లెక్కి రెండో అంతస్తుకి వెళ్ళి, “ఏమిటి తమ్ముడూ ఇది” అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. ఎవరైనా అయితే అడిగేవాడే. అంతకుముందు డిస్పాచ్ గుమస్తా ఆటలాడుతూ దొరికితే చెవిలో చెప్పి వదిలేశాడు. ఈసారి మెట్లు ఎక్కలేదు. నేరుగా మేనేజరు గదికి వెళ్ళాడు.

“చెప్పడానికి మనసొప్పడం లేదండీ,” అన్నాడు. “కానీ నియమం అందరికీ ఒకటే కదా.”

“డిజైన్లు బయటికి పోతున్నాయంటారా?” మేనేజరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“అలా అని నేననడం లేదు. వీడియోలు పోతున్నాయి. అందులో ఏముందో చూడాలి.”

ఆ ‘చూడాలి’ అన్న మాట ఎంత బాగా పనిచేస్తుందో తెలిసే అన్నాడు. సాయంత్రానికల్లా ఆ కంప్యూటర్‌ని విప్పి కింద సిస్టమ్స్ గదికి చేర్చి, సీలు వేశారు. వేసింది అతనే. విచారణలో ముగ్గురి సమక్షంలో తప్ప తెరవకూడదు, విచారణ ముగిసేదాకా అందులోంచి దేన్నీ బయటికి తీయకూడదు. ఆ మాట కూడా తను రాసిందే.

చిన్నల్లుడు మెట్ల దగ్గర ఎదురయ్యాడు. మొహం పాలిపోయి ఉంది.

“అన్నయ్యా, ఇది మీ దాకా వచ్చిందా?”

“వచ్చింది. నా చేతిలో ఏం లేదు తమ్ముడూ.”

“పోనీ, లోపలేముందో మీతో ఒక్క మాట చెప్తాను…”

“విచారణలో చెప్పు,” అన్నాడు పెద్దల్లుడు. అలా అంటున్నప్పుడు తన గొంతు తనకే భలేగా వినిపించింది. నిమ్మళంగా, బరువుగా, పెద్దల్లుడి గొంతులా.

ఆ రోజు ఇంటికి హుషారుగా వెళ్ళాడు. భార్య భోజనాల బల్ల మీద పుస్తకాలు పరుచుకుని ఏదో రాసుకుంటోంది. పెళ్ళికి ముందు ఆమె స్కూల్లో సైన్సు చెప్పేది. పాప పుట్టాక మానేసింది. ఇప్పుడు మళ్ళీ చేరాలంటే ఏదో పరీక్ష ఉందనీ, దానికి చదువుతోందనీ అతనికి తెలుసు. అంతకు మించి తెలియదు.

*

విచారణకి నలుగురే ఉన్నారు. మేనేజరు, హెచ్ఆర్ మేడమ్, చిన్నల్లుడు, ఫైళ్ళు తెరవడానికి పెద్దల్లుడు. కిటికీకి తెరలు వేసి ఉన్నాయి. బల్ల మీద నీళ్ళ సీసాలు పెట్టారు గానీ ఎవరూ ముట్టుకోలేదు.

“తెరవండి,” అన్నారు మేనేజరు.

పెద్దల్లుడు మొదటి వీడియో మీద నొక్కాడు.

ముందు ఒక బల్ల కనిపించింది. దాని మీద గాజు గ్లాసు, గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో ఒక పెన్సిలు. బల్ల అంచున ఉన్న గీతని చూసి పెద్దల్లుడికి ఎక్కడో చూసినట్టనిపించింది. పాప కత్తెరతో గీసిన గీత అది. గుర్తుపట్టేలోపే అతని భార్య తెర మీదికి వచ్చింది.

“పెన్సిలు నిజంగా విరిగిందా?” అని అడిగింది ఆమె, ఎదురుగా పిల్లలు కూర్చున్నట్టే చూస్తూ. “విరగలేదు. మరి మన కళ్ళు ఎందుకు మోసపోతున్నాయి?”

వెలుతురు నీళ్ళలోకి దిగేటప్పుడు ఎలా వంగుతుందో ఆమె చెబుతోంది. చేతులతో చూపిస్తోంది. ఈ చేతులు ఇలా కదలడం పెద్దల్లుడు చూసి ఎన్నేళ్ళయిందో. ఇంట్లో ఆమె మాట్లాడితే నాలుగు ముక్కల్లో తేల్చేస్తుంది. ఇక్కడేమో ఒక్కో వాక్యాన్నీ రుచి చూస్తూ మాట్లాడుతోంది. మధ్యలో తడబడి ఆగిపోయింది. కెమెరా వెనక ఉన్నవాళ్ళని చూసి, తల వెనక్కి వాల్చి నవ్వింది. భోజనాల బల్ల దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వు కాదు ఇది. అడ్డేమీ లేని నవ్వు.

పెద్దల్లుడు తెరకి దగ్గరగా వంగాడు. ఎప్పుడొచ్చారు వీళ్ళు నా ఇంటికి? సర్వర్ల మరమ్మతులని నేను సెలవు రోజున ఆఫీసుకి వెళ్ళినప్పుడా? కెమెరా వెనక ఎవరున్నారు? ఎవరిని చూసి ఆ నవ్వు?

“ఎవరీవిడ?” హెచ్ఆర్ మేడమ్ అడిగింది.

చిన్నల్లుడు పెద్దల్లుడి వైపు చూడలేదు. అసలు తల అటు తిప్పనే లేదు.

“మా బంధువులావిడండీ. టీచరు ఉద్యోగం పరీక్షలో భాగంగా పాఠాల వీడియోలు పంపాలి. వాటిని కత్తిరించి సరిచేసిపెట్టాను. ఇంట్లో ఉన్న కంప్యూటర్ పాతది, వీడియో అనగానే చతికిలబడుతోంది. లంచ్ టైములోనే చేశాను గానీ, ఆఫీసు కంప్యూటర్ మీద చేయడం తప్పే. ఒప్పుకుంటున్నాను.”

“లంచ్ టైములో చేశారు, సరే. కానీ ఇన్నేసి ఫైళ్ళు బయటికి పంపకూడదు కదా,” అంది మేడమ్, కాస్త మెత్తగా. మిగతా వీడియోలు కూడా తెరిపించారు. అన్నింటిలోనూ ఆమే. కంపెనీ డిజైను ఒక్కటీ లేదు.

‘ఆమె నా భార్య’ అన్న మూడు ముక్కలు పెద్దల్లుడి నాలుక చివర దాకా వచ్చాయి. అవి అనేస్తే ఆ నవ్వు నాది కాదని అందరి ముందూ ఒప్పుకున్నట్టే. వాటిని అక్కడే ఆపి, చివరి వీడియో మూసేశాడు.

విచారణ ముగిసేదాకా చిన్నల్లుణ్ణి ఊరి చివర గోడౌనుకి పంపారు. అక్కడ కంప్యూటర్ లేదు. పెట్టెల మీద లేబుళ్ళు సరిచూసే పని. ఫైళ్ళు మళ్ళీ సీలులోకి వెళ్ళాయి.

*

పెద్దల్లుడు ఇల్లు చేరేసరికే భార్యకి చెల్లెలి దగ్గర్నుంచి ఫోను వచ్చేసింది. బల్ల మీద పుస్తకాలు లేవు. ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉందామె.

“శుక్రవారం ఆఖరి రోజు,” అంది. “పాఠాలు బయటి సైటుకి ఒక్కటీ పూర్తిగా ఎక్కలేదట, ఫోనులో అసలువి చోటు చాలక చెరిపేశాం. ఆ వీడియోలు తీసివ్వగలరా?”

“అవి సీలు చేశారు.”

“ఎవరు?”

“… నేనే.”

ఆమె బల్ల అంచున పాప గీసిన గీతని వేలితో తడిమింది. అతనే ఉండబట్టలేకపోయాడు.

“కంప్యూటర్ల వాణ్ణి ఇంట్లో పెట్టుకుని వాడి దగ్గరికి వెళ్తావా? నన్నెందుకు అడగలేదు?”

“అడిగాను.” గొంతు పెంచలేదామె. “మొదటిసారి ‘చూద్దాం’ అన్నారు. రెండోసారి ‘ఇలాంటివి ఆఫీసులో కుదరవు’ అన్నారు. నేనడిగింది ఇంట్లో చేసిపెట్టమని. మూడోసారి ఫోను చూసుకుంటూ ‘ఊఁ’ అన్నారు. ఆ ‘ఊఁ’ నమ్ముకుని వారం రోజులు కూర్చున్నాను. చెల్లెలితో చెప్పుకుంటే మరిది పక్కనే ఉండి విన్నాడు. ‘రేపు వస్తాం వదినా’ అన్నాడు. ఇద్దరూ వచ్చారు.”

“నాతో ఒక్క మాట చెప్పచ్చుగా.”

“ముందు నెగ్గి, అప్పుడు చెబుదామనుకున్నాను. నెగ్గకపోతే మీరు ‘అందుకే చెప్పాను’ అంటారు. ఆ మాట వినడం నాకిష్టం లేదు.”

తను అలాంటి మాట అంటానా అని అడగబోయి ఆగాడు. అంటాడు. చాలాసార్లు అన్నాడు.

“మరిది మీ పేరు చెప్పలేదటగా అక్కడ,” అంది ఆమె లేస్తూ. “మీరు కూడా చెప్పలేదట.”

ఆ రెండు వాక్యాల మధ్య ఆమె ఎంత తేడా చూసిందో అతనికి అర్థమైంది. ఇంకో మాట లేకుండా పాప గదిలోకి వెళ్ళిపోయింది.

*

పొద్దున్నే మేనేజరు ఇంకా కుర్చీలో సర్దుకోకముందే పెద్దల్లుడు ఎదుట నిలబడ్డాడు.

“ఆ వీడియోల్లో ఉన్నావిడ నా భార్యండీ. అతను మా తోడల్లుడు.”

మేనేజరు టీ కప్పు కింద పెట్టారు. “మీ ఆవిడ వీడియోల మీద మీరే ఫిర్యాదు చేశారా?”

“ఆవిడవని తెలియదు. సీటు అతనిదని తెలుసు.”

“అతనిదని తెలిసే చేశారన్నమాట.”

పెద్దల్లుడు తల వంచుకున్నాడు. ఈర్ష్య అనే మాటని ఆ గదిలో ఎవరూ పలకలేదు. పలకాల్సిన అవసరం కూడా లేకపోయింది.

“ఆవిడ పరీక్షకి శుక్రవారం ఆఖరండీ. ఆ ఫైళ్ళు మాత్రం కాపీ చేసుకోనిస్తే…”

మేనేజరు అరలోంచి కంపెనీ నియమాల ప్రతి తీసి, పేజీలు తిప్పి, అతని ముందుకి తోశారు. “విచారణ ముగిసేదాకా దేన్నీ బయటికి తీయకూడదు. చక్కగా రాశారు, ఎక్కడా సందు లేకుండా. ఇప్పుడు విచారణ మళ్ళీ మొదటికొచ్చింది. మీరు చుట్టరికం దాచారు కాబట్టి మీ చేతి మీదుగా జరిగింది చెల్లదు. బయటినుంచి ఎవరినైనా పిలవాలి. శుక్రవారంలోగా అయ్యే పని కాదు.”

ఆ తర్వాత సంగతి చెప్పాలంటే, కొన్ని వారాలకి ఆ విచారణ కాస్తా ఇద్దరికీ చెరో హెచ్చరిక కాగితంతో ముగిసింది. చిన్నల్లుడు మళ్ళీ కిటికీ పక్క సీటుకి వచ్చాడు. పెద్దల్లుడి కాగితంలోనే రెండు వాక్యాలు ఎక్కువున్నాయి.

కానీ ఆ రోజు మాత్రం అతను ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళాడు. తలుపు దగ్గర తెలియని చెప్పులేవీ లేవు, అన్నీ తెలిసినవే. మరదలివి, చిన్నల్లుడివి. లోపల బల్లని కిటికీ దగ్గరికి జరిపారు. గ్లాసు, నీళ్ళు, పెన్సిలు. పాఠాలన్నీ మళ్ళీ మొదటినుంచి తీస్తున్నారు. భర్త తేలేడని ఆమె ముందే నిశ్చయించుకుందని అతనికి తెలిసిపోయింది. సరిగ్గానే నిశ్చయించుకుంది.

గుమ్మంలో నిలబడిపోయాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. తన ఇల్లే, తన బల్లే. తన భార్య కళ్ళు మాత్రం చిన్నల్లుడి చేతిలోని ఫోను వైపు ఉన్నాయి.

“అన్నయ్యా,” అన్నాడు చిన్నల్లుడు, ఫోను మీంచి చూపు మరల్చకుండా. “వెలుతురు తగ్గుతోంది. ఆ దీపం కాస్త పట్టుకుంటారా?”

వెక్కిరింత ఏమైనా ఉందేమోనని ఆ గొంతులో వెతికాడు. లేదు. దీపం తెచ్చి, ఎత్తి పట్టుకున్నాడు.

“ఇంకొంచెం ఎడమకి,” అంది భార్య. అతనితో ఆమె ఆ పూట అన్న మొదటి మాట అది. అతను ఎడమకి జరిపాడు. చెయ్యి పీకుతున్నా దించలేదు. ఒకటి తర్వాత ఒకటి పాఠాలు సాగాయి. ఆమె ఎక్కడా తడబడలేదు. నవ్వనూ లేదు. నిన్న తెర మీద చూసిన పాఠం కంటే ఇది శుభ్రంగా ఉంది, కానీ ఆ పాఠంలో ఉన్న వెలుగు ఇందులో లేదు. ఆ వెలుగు సీలు వేసిన పెట్టెలో ఉండిపోయింది. వేసినవాడు ఇక్కడ దీపం పట్టుకుని నిలబడ్డాడు.

అడ్డదిడ్డంగా ఉన్నచోట్ల కత్తిరించడానికి చిన్నల్లుడు స్నేహితుడి కంప్యూటర్ అరువు తెచ్చుకున్నాడు. గడువు లోపల అన్నీ పంపగలిగారు.

*

గోడౌను నుంచి తిరిగొచ్చాక ఒకరోజు చిన్నల్లుడు మెట్ల మీద ఎదురయ్యాడు. ఇద్దరూ ఆగారు. పెద్దల్లుడు ఎన్నో మాటలు కూర్చుకుని పెట్టుకున్నాడు. క్షమించమని అడగాలి, పేరు చెప్పనందుకు మెచ్చుకోవాలి. క్షమించమని అన్నాడు, సగం మింగేస్తూ. చిన్నల్లుడు “అయ్యో, వదిలేయండి అన్నయ్యా” అన్నాడు, కానీ మునుపటంత తేలిగ్గా అనలేదు. లేబుళ్ళ దుమ్ముకి పట్టుకున్న దగ్గు ఇంకా తగ్గలేదతనికి.

అక్కడితో ఆపి ఉండాల్సింది. పెద్దల్లుడి నోరు ఊరుకోలేదు.

“ఆ మొదటి వీడియోలో మీ వదిన నవ్వింది చూడు. ఎందుకు నవ్వింది?”

చిన్నల్లుడు తెల్లబోయి చూశాడు. నిజంగానే ఆలోచించాడు.

“గుర్తులేదన్నయ్యా. పాప ఏదో అందనుకుంటా. లేకపోతే మా ఆవిడ. ఎందుకు?”

“ఏం లేదు,” అన్నాడు పెద్దల్లుడు.

ఇన్నాళ్ళూ తన నిద్ర చెడగొట్టిన నవ్వు అవతలివాడికి గుర్తుకూడా లేదు. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆ నవ్వు చిన్నల్లుడి కోసం కాదు. తన కోసమూ కాదు. అంతవరకే తేలింది.

ఆమె పరీక్ష నెగ్గింది. స్కూల్లో చేరింది. పొద్దున్నే అతని కంటే ముందే తయారై, పాపకి జడ వేసి, సంచీ తగిలించుకుని వెళ్ళిపోతోంది. ఇద్దరి మధ్యా మాటలు మెల్లగా మళ్ళీ మొదలయ్యాయి. మొదట సరుకుల గురించి, తర్వాత పాప చదువు గురించి.

ఒక సాయంత్రం ఆమె టీ కలుపుతూ, తనంతట తనే చెప్పింది.

“మా స్కూల్లో లెక్కల సారున్నారు. ఎంత బాగా మాట్లాడతారో. ఇవాళ స్టాఫ్ రూములో అందరం పడీ పడీ నవ్వాం.”

పెద్దల్లుడి గుండెలో చిన్న ముల్లు కదిలింది. లెక్కల సారు. వయసెంతో? పెళ్ళయిందో లేదో? అతని చెయ్యి అలవాటుగా ఫోను మీదికి వెళ్ళింది. ‘ఊఁ’ అనడానికి నోరు కూడా సిద్ధమైంది.

ఫోను బోర్లించి పక్కకి నెట్టాడు.

“ఏమన్నాడేమిటి?” అని అడిగాడు.

ఆమె గిన్నె దింపి, వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది. ఆ అడగడం దేనికోసమో తూచుకుంటున్నట్టుంది. తర్వాత టీ కప్పులు రెండూ బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. ముల్లు పోలేదు. దాన్ని అలాగే ఉంచుకుని, అతను చివరి దాకా విన్నాడు.